గూగుల్ వదిలేస్తే ప్రకటనలు వెంటపడటం మానేస్తాయా?

మీరు అడిగినవి మూడు. ఆండ్రాయిడ్ ఫోన్‌లో ఏది వెతికినా దాని తాలూకు ప్రకటనలే కనిపిస్తున్నాయి కాబట్టి గూగుల్ మానేసి డక్‌డక్‌గో అనే మరో సెర్చ్ ఇంజిన్‌కి వెళ్లాలా? క్రోమ్‌లోని ఇన్‌కాగ్నిటో మోడ్ సరిపోదా? వెళ్తే తెలుగులో వెతుక్కోవడం కుదురుతుందా?

మారండి. కాకపోతే ప్రకటనలు ఆగిపోతాయన్న ఆశతో మారకండి. ఆ రెండింటికీ మీరు అనుకుంటున్నంత చుట్టరికం లేదు.

ప్రెషర్ కుక్కర్ వెతికారనుకోండి. ఏదో షాపింగ్ సైటు లింకు నొక్కి లోపలికి వెళ్లారు. ఆ పేజీలో గూగుల్ కోడ్, మెటా (ఇన్‌స్టాగ్రామ్ సంస్థ) కోడ్ ముందే కూర్చుని ఉంటాయి. ఫలానా ఫోన్ ఫలానా కుక్కర్ చూసిందని అవి తమ వాళ్లకు కబురు పంపుతాయి. మీరు అక్కడికి గూగుల్ నుంచి వచ్చారా, డక్‌డక్‌గో నుంచి వచ్చారా అన్నదాంతో వాటికి పని లేదు. సాయంత్రం ఇన్‌స్టాగ్రామ్‌లో అదే కుక్కర్ కనిపించేది అందుకే. ఆ దారి మూయాల్సింది బ్రౌజర్‌లో, ఫోన్ సెట్టింగ్స్‌లో. సెర్చ్ ఇంజిన్ చేతిలో అది లేదు.

మరి సెర్చ్ ఇంజిన్ మార్చితే దక్కేది ఏమిటంటే, మీరు అడిగిన ప్రశ్నల చిట్టా మీ పేరు మీద ఒక చోట పేరుకోకుండా ఉండటం. ఇది చిన్న లాభం కాదు. డాక్టరుకు చెప్పని జబ్బు, ఇంట్లో తెలియని అప్పు, విడాకుల ఆలోచన, అన్నీ మనం మొదట చెప్పుకునేది ఆ వెతుకుడు పెట్టెకే. 2006 ఆగస్టులో ఏఓఎల్ అనే అమెరికా ఇంటర్నెట్ సంస్థ పరిశోధకుల కోసమని సుమారు 6.5 లక్షల మంది వెతికిన మాటలను, పేర్లు తీసేసి అంకెలు పెట్టి, బయట పెట్టింది. కొద్ది రోజుల్లోనే న్యూయార్క్ టైమ్స్ విలేకరులు అందులోని ఒక అంకె వెనకున్న మహిళను ఇంటికెళ్లి మరీ కలిశారు. పేరు లేకపోయినా వెతికిన మాటలే ఆనవాలు పట్టించాయి.

ఇంజిన్ మార్చే ముందు పాత చిట్టా సంగతి చూడండి, లేకపోతే అది అక్కడే ఉంటుంది. మైయాక్టివిటీ డాట్ గూగుల్ డాట్ కామ్ తెరిచి వెబ్ అండ్ యాప్ యాక్టివిటీలోకి వెళ్లండి. టర్న్ ఆఫ్ నొక్కితే రెండు దారులు చూపిస్తుంది: ఉత్తినే ఆపడం, ఆపి పాతది కూడా చెరిపేయడం. రెండోది ఎంచుకోండి. పూర్తిగా ఆపితే మ్యాప్స్‌లో ఇదివరకు వెతికిన చోట్లు గుర్తుండవు, కొందరికి అది ఇబ్బంది. అలాంటివాళ్లు ఆన్‌లోనే ఉంచి ఆటో డిలీట్ 3 నెలలకు పెట్టుకోవచ్చు. 2020 తర్వాత తెరిచిన ఖాతాలకు మామూలుగా 18 నెలలు ఉంటుంది. ఆన్‌లో ఉంచేవాళ్లు అక్కడే కింద క్రోమ్ హిస్టరీని కూడా కలపాలా అని ఉండే గడిలో టిక్కు తీసేయాలి. ఈ గడిని చాలామంది చూడరు. అది ఉన్నంతకాలం, సింక్ (బ్రౌజర్ వివరాలు ఖాతాలోకి చేరే అమరిక) ఆన్‌లో ఉన్న క్రోమ్‌లో మీరు డక్‌డక్‌గో వాడినా, తెరిచిన పేజీల జాడ గూగుల్ ఖాతాకే చేరే వీలుంది. యూట్యూబ్ హిస్టరీ దీనికిందికి రాదు, విడిగా ఆపాలి.

ఇప్పుడు ఇంజిన్ మార్పు. క్రోమ్‌లో మూడు చుక్కలు, సెట్టింగ్స్, సెర్చ్ ఇంజిన్. మీకు కావాల్సింది జాబితాలో లేకపోతే ఆ సైటు ఒకసారి తెరిచి ఏదో ఒకటి వెతికి రండి, ఇటీవల చూసినవాటి కింద చేరుతుంది. ఎక్కువమంది ఇక్కడితో పని అయిపోయిందనుకుంటారు. ఫోన్ హోమ్ స్క్రీన్ మీద ఉండే గూగుల్ పట్టీకి క్రోమ్ సెట్టింగ్‌తో సంబంధం లేదు. అందులో టైపు చేసింది, దాని పక్క మైకులో మాట్లాడింది నేరుగా గూగుల్ యాప్‌కే, మీ లాగిన్‌తో సహా వెళ్తుంది. అలవాటు కొద్దీ వేలు అటే పోతుంది కాబట్టి దాన్ని నొక్కిపట్టి తీసేసి, ఆ చోట ఫైర్‌ఫాక్స్ (మరో బ్రౌజర్) విడ్జెట్టో డక్‌డక్‌గో విడ్జెట్టో పెట్టండి. పిక్సెల్ లాంటి కొన్ని ఫోన్లలో ఆ పట్టీ ఊడిరాదు, వేరే లాంచర్ (హోమ్ స్క్రీన్‌ను నడిపే యాప్) వేసుకోవాలి. ఐఫోన్ వాడే ఇంట్లోవాళ్లకైతే సెట్టింగ్స్‌లో యాప్స్, అందులో సఫారీ, అందులో సెర్చ్ ఇంజిన్. (ఆ ఒక్క గడిలో తమ పేరు ముందుగా ఉండటానికి గూగుల్ 2022లో ఆపిల్‌కు ఇచ్చింది 2,000 కోట్ల డాలర్లని అమెరికా కోర్టు కేసులో బయటపడింది. మనం ఆ డీఫాల్ట్‌ను మార్చబోమని వాళ్లకు అంత నమ్మకం.)

ఇంకొకటి. అడ్రస్ బార్‌లో టైపు చేస్తుండగానే సూచనలు వస్తాయి కదా, అంటే ఎంటర్ నొక్కకముందే అక్షరాలు సెర్చ్ ఇంజిన్‌కు వెళ్తున్నాయన్నమాట. పొరపాటున పాస్‌వర్డ్ అక్కడ కొడితే అదీ వెళ్తుంది. ఏ ఇంజిన్ వాడినా సూచనలు ఆపేయడం మేలు.

ఇక ఏది ఎంచుకోవాలి? డక్‌డక్‌గో 2008 నుంచి ఉన్న అమెరికా సంస్థ. ఫలితాల్లో అధికభాగం మైక్రోసాఫ్ట్ సెర్చ్ ఇంజిన్ బింగ్ నుంచి తెచ్చుకుంటుంది. ప్రకటనలు ఉంటాయి, కానీ అవి మీరు అప్పుడు వెతికిన మాటను బట్టి వచ్చేవి, మీ చరిత్రను బట్టి కాదు. వద్దనుకుంటే సెట్టింగ్స్‌లో వాటినీ ఆపుకోవచ్చు. మచ్చ లేదని కాదు. 2022లో వాళ్ల బ్రౌజర్ యాప్ ఇతర సైట్లలో మైక్రోసాఫ్ట్ ట్రాకర్లను (మన కదలికలు గమనించే కోడ్) అడ్డుకోకుండా వదిలేస్తోందని ఒక పరిశోధకుడు పట్టుకున్నాడు, కారణం మైక్రోసాఫ్ట్‌తో ఉన్న ఒప్పందం. అదే ఏడాది ఆగస్టులో సరిదిద్దుకున్నారు. స్టార్ట్‌పేజ్ నెదర్లాండ్స్‌ది, ప్రధానంగా గూగుల్ ఫలితాలనే మీ ఐపీ చిరునామా (నెట్‌లో మీ కనెక్షన్ ఆనవాలు చెప్పే అంకెలు) గూగుల్‌కు చెప్పకుండా తెచ్చిపెడుతుంది. బ్రేవ్ సెర్చ్ 2021లో మొదలైంది, సొంత సూచికతో (తానే తయారు చేసుకున్న వెబ్ పేజీల జాబితా) నడుస్తుంది. ఇంగ్లిష్ సాంకేతిక విషయాలకు బాగుంటుంది. కాగీ డబ్బు కట్టేది, నెలకు 5 డాలర్లకు 300 వెతుకులాటలు. మన అవసరానికి అంత అక్కర్లేదు.

నా ఓటు: రోజువారీకి డక్‌డక్‌గో, తెలుగుకీ స్థానిక విషయాలకీ స్టార్ట్‌పేజ్.

డక్‌డక్‌గోలో ఒక ఉచ్చు ఉంది. ఆశ్చర్యార్థకం కొట్టి వెంటనే ఇంగ్లిష్ జీ అక్షరం పెడితే వెతుకులాట గూగుల్‌కు మళ్లుతుంది. సౌకర్యంగా ఉందని ప్రతి మూడో ప్రశ్నకూ అదే వాడేస్తారు. ఆ దారిన వెళ్తే ముసుగు ఏమీ ఉండదు, లాగిన్ అయి ఉంటే మీ పేరుతోనే గూగుల్ ముందు నిలబడతారు. జీకి బదులు ఎస్, పీ అక్షరాలు పెడితే స్టార్ట్‌పేజ్‌కు వెళ్తుంది, అది అలవాటు చేసుకోండి. మరో చిక్కు: డక్‌డక్‌గో మన సెట్టింగ్స్‌ను కుకీలో (సైటు బ్రౌజర్‌లో ఉంచే చిన్న ఫైలు) దాస్తుంది. బ్రౌజర్ మూసినప్పుడల్లా కుకీలు చెరిగేలా పెట్టుకుంటే ప్రాంతం, ప్రకటనల ఎంపిక అన్నీ మొదటికొస్తాయి. ఆ ఒక్క సైటుకు మినహాయింపు ఇవ్వండి.

ప్రకటనల వెంటపాటుకు అసలు మందు ఇది. ఆండ్రాయిడ్ క్రోమ్‌లో ఎక్స్‌టెన్షన్లు (బ్రౌజర్‌కు తగిలించే చిన్న ప్రోగ్రాములు) వేసుకోలేం కాబట్టి ఫైర్‌ఫాక్స్ దించుకుని, మెనూలో ఎక్స్‌టెన్షన్స్‌లోంచి ప్రకటనలను, ట్రాకర్లను అడ్డుకునే యూబ్లాక్ ఆరిజిన్ వేయండి. దాని జాబితాలు మార్చే పని లేదు, వచ్చినవి వచ్చినట్టే ఉంచండి. బ్యాంకు చెల్లింపు పేజీయో, దరఖాస్తు ఫారమో మధ్యలో ఖాళీగా ఆగిపోతే యూబ్లాక్ తెరిచి పెద్ద పవర్ గుర్తు నొక్కండి, ఆ సైటుకు మాత్రమే ఆగుతుంది. తర్వాత ఫోన్ సెట్టింగ్స్‌లో గూగుల్, యాడ్స్, డిలీట్ అడ్వర్టైజింగ్ ఐడీ (ఆండ్రాయిడ్ 12 నుంచి ఉంది). యాప్‌లన్నీ మిమ్మల్ని ఒకే మనిషిగా గుర్తించేది ఎక్కువగా ఆ ఐడీతోనే. ఇంత చేశాక కూడా షాపింగ్ యాప్‌లో లాగిన్ అయి చూసింది ఆ యాప్‌కు తెలుస్తుంది, దానికి విరుగుడు లేదు.

నెట్ ఇచ్చే కంపెనీకి మీరు వెతికిన మాట కనబడదు, సైటు పేరు కనబడుతుంది. అదీ తగ్గించాలంటే నెట్‌వర్క్ సెట్టింగ్స్‌లో ప్రైవేట్ డీఎన్‌ఎస్‌కు (సైటు పేర్ల వాకబును గుప్తంగా పంపే అమరిక) వెళ్లి డీఎన్‌ఎస్ డాట్ క్వాడ్9 డాట్ నెట్ అని ఇంగ్లిష్‌లో ఇవ్వండి. రైల్వే స్టేషన్, హాస్టల్ వైఫైల్లో లాగిన్ పేజీ తెరుచుకోకపోతే తప్పు దీనిదే. కాసేపు ఆటోమేటిక్‌కు మార్చి, లాగిన్ అయ్యాక మళ్లీ పెట్టుకోవాలి. ఆఫీసు ల్యాప్‌టాప్ అయితే ఇవన్నీ వదిలేయండి. కంపెనీ వాళ్లే నిఘా సాఫ్ట్‌వేర్ వేసి ఉంటే ఏ ఇంజిన్ వాడినా ఒకటే.

ఇన్‌కాగ్నిటో గురించి ఎక్కువ చెప్పేదేం లేదు. ఆ ఫోన్‌లో హిస్టరీ మిగలకుండా చేస్తుంది, అంతే. ఇంటిల్లిపాదికీ ఒకే ఫోన్ ఉన్నచోట అదే చాలా ఉపయోగం, ఎందుకంటే మన గుట్టు ముందుగా బయటపెట్టేది కింద జారే సూచనల జాబితానే. సైట్లకు, నెట్ కంపెనీకి మాత్రం మీరు కనబడుతూనే ఉంటారు. ఇన్‌కాగ్నిటోలో జీమెయిల్ తెరిచారా, మీ పేరు మీరే చెప్పినట్టు. ఆ మోడ్‌లో సేకరించిన సమాచారం మీద అమెరికాలో దావా పడితే, 2024 ఒప్పందంలో భారీ సంఖ్యలో రికార్డులు చెరిపేయడానికి గూగుల్ ఒప్పుకుంది.

తెలుగు విషయంలో మాత్రం నిజంగానే నష్టం ఉంది. ఇంగ్లిష్ అక్షరాల్లో తెలుగు కొడితే గూగుల్ అర్థం చేసుకున్నంతగా బింగ్ ఆధారిత ఇంజిన్లు చేసుకోవు. తెలుగు లిపిలో కొట్టండి, విభక్తులు తీసేయండి. "పాసుపుస్తకంలో పేరును మార్చడానికి" అనే బదులు "పాసుపుస్తకం పేరు మార్పు" అంటే ఫలితాలు మెరుగవుతాయి. డక్‌డక్‌గోలో ప్రాంతం ఇండియాగా పెట్టడం మరవకండి. చిన్న ఊళ్లలో దుకాణాలు, ఆసుపత్రులు వెతకాలంటే డక్‌డక్‌గోలోని మ్యాపు పల్చగా ఉంటుంది (అది ఆపిల్ మ్యాపు), అప్పుడు గూగుల్ మ్యాప్స్‌నే లాగిన్ లేకుండా బ్రౌజర్‌లో తెరవండి.

మీభూమి, భూభారతి, మీసేవ లాంటివాటిని ప్రతిసారీ వెతకకుండా బుక్‌మార్క్ చేసుకోండి. పేరు పోలిన నకిలీ సైట్లు ఏ ఇంజిన్‌లోనైనా పైకి రావచ్చు. వెతకక తప్పకపోతే మాట పక్కన సైట్ అని ఇంగ్లిష్‌లో రాసి, కోలన్ పెట్టి, ఖాళీ వదలకుండా జీఓవీ డాట్ ఇన్ చేర్చండి, ప్రభుత్వ సైట్లే వస్తాయి. బ్యాంకుల కస్టమర్ కేర్ నంబర్లు మాత్రం ఏ ఇంజిన్‌లోనూ వెతకవద్దు. ఏటీఎం కార్డు వెనక ఉంటుంది, అక్కడ చూసుకోండి.