పురుడు ఎక్కడ జరిగిందో ముందు అమ్మను అడగండి

పెళ్లయ్యాక భర్త దగ్గరకు విదేశం వెళ్లే ఆడపిల్లల కాగితాల గురించి వచ్చిన ఉత్తరాలలో మూడింటికి ఈసారి సమాధానాలు ఇస్తున్నాను. మూడూ అమెరికాకు సంబంధించినవే. చాలా ఏళ్ల కిందట నేనూ విజయనగరం నుంచి ఇదే దారిన వెళ్లి, అక్కడ కొంతకాలం కాపురం చేసి తిరిగి వచ్చినదాన్ని కాబట్టి, అక్కడక్కడ నా అనుభవం కూడా కలుస్తుంది.

ప్రశ్న: నమస్కారమండీ. మాది రాజాం. నిరుడు మాఘమాసంలో నా పెళ్లి జరిగింది. మావారు అమెరికా పౌరులు. భార్యగా నన్ను అక్కడికి రప్పించుకోవడానికి వారు వేసిన ఐ-130 దరఖాస్తు ఆమోదం పొందింది. ఇప్పుడు ఆ తరువాతి కాగితాలు చూసే అమెరికా ప్రభుత్వ కార్యాలయం, నేషనల్ వీసా సెంటర్‌వారు పత్రాలు పంపమంటున్నారు. నా పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉంది. పదో తరగతి సర్టిఫికెట్‌లో ఇంటిపేరు ముందు ఉంది. పెళ్లయ్యాక ఆధార్‌లో అత్తవారి ఇంటిపేరు చేర్పించాం. అమ్మ పేరు ఒకచోట పైడితల్లి అనీ, మరోచోట పైడమ్మ అనీ ఉంది. అన్నిటికంటే పెద్ద చిక్కు, నాకు జనన ధ్రువపత్రం లేదు. రాజాం మున్సిపాలిటీలో రెండుసార్లు వెతికించినా నా పేరు దొరకలేదు. నేను 1997లో పుట్టాను. మా తాతగారి ఊరు పాలకొండలో ఉన్న పెద్ద మామయ్య ఏదో తెలిసినవారి ద్వారా కొత్త సర్టిఫికెట్ తీయిస్తానంటున్నారు. తీయించుకోవచ్చా?
— ఒక పాఠకురాలు, రాజాం

జవాబు: అమ్మా, మీ చిక్కుకు విరుగుడు మీ ఉత్తరంలోనే పక్కమాటగా ఉంది. మీ అమ్మగారి పుట్టిల్లు పాలకొండ. మన వైపు తొలికాన్పు పుట్టింట్లోనే జరుగుతుంది. జననమరణాల నమోదు చట్టం 1969లో వచ్చింది. దాని ప్రకారం బిడ్డ ఎక్కడ పుడితే అక్కడే నమోదు చేస్తారు. తండ్రి ఊరితో దానికి నిమిత్తం లేదు. కాబట్టి మీ పురుడు ఏ ఊళ్లో, ఏ ఆసుపత్రిలో లేదా ఎవరి ఇంట్లో జరిగిందో ముందు అమ్మగారిని అడగండి. పాలకొండ అని ఆమె చెబితే, రాజాం రిజిస్టర్లు ఎన్నిసార్లు తిప్పించినా మీరు దొరకరు.

నాకు ఇలాగే జరిగింది. నేను విజయనగరం పిల్లనని ఊరంతా అనుకుంటుంది కానీ, నా జననం రాసి ఉన్నది అమ్మమ్మగారి ఊరు బొబ్బిలిలో. అట్ట ఊడిపోయి, దారంతో కట్టిన ఆ పాత రిజిస్టరులో గుమాస్తాగారు వేలు పెట్టి చూపించిన వరుసలో నాన్నగారి పేరు, తేదీ, ఇంటి నంబరు అన్నీ సరిగ్గా ఉన్నాయి. నా పేరు ఉండవలసిన చోట మాత్రం ‘ఆడ శిశువు’ అని ఉంది. నామకరణం కాకముందే నమోదు చేయించి, తరువాత పేరు చేర్పించడం మరిచిపోయిన ఇళ్లు మన జిల్లాల్లో లెక్కకు మిక్కిలి. అందుకని వెతికించేటప్పుడు మీ పేరుతో కాకుండా, పుట్టిన తేదీతోనూ తండ్రిగారి పేరుతోనూ వెతకమని అడగండి. పేరులేని వరుస దొరికితే, ఇప్పుడు పేరు చేర్చే వీలుందేమో అక్కడే అడగండి.

ఎక్కడా దొరకకపోతే, ఆ ఊరి స్థానిక సంస్థ నుంచి ‘రికార్డులలో నమోదు లేదు’ అని రాసిచ్చే ధ్రువపత్రం తీసుకోండి. మీ పుట్టుక సంగతి స్వయంగా తెలిసిన, వయసులో మీకంటే పెద్దవారైన దగ్గరి బంధువుల అఫిడవిట్లు దానికి జోడించండి. అమ్మగారైతే మరీ మంచిది. పదో తరగతి సర్టిఫికెట్ కూడా పక్కన పెట్టండి. ఏడాది దాటిన జననాన్ని మేజిస్ట్రేటు అధికారం ఉన్నవారి ఉత్తర్వుతో ఆలస్యంగా నమోదు చేయించుకునే చట్టబద్ధమైన మార్గమూ ఉంది. అయితే ఇరవై ఏళ్లు దాటాక నిన్నమొన్నటి తేదీతో పుట్టిన కాగితం చూపిస్తే, ఎదుటివారికి ప్రశ్న పుట్టడం సహజం. నమోదు లేదన్న నిజాన్ని నిజంగానే చూపించడం మేలని నా అభిప్రాయం. మామయ్యగారు చెప్పే ‘తెలిసినవారి’ కాగితం మాత్రం వద్దే వద్దు. ఒక్క తప్పుడు పత్రం బయటపడితే, మిగిలిన నిజమైన పత్రాలన్నిటి మీదా అనుమానం పడుతుంది. మోసపు పత్రం చూపి వీసా కోరినవారికి అమెరికా తలుపు శాశ్వతంగా మూసుకుపోవచ్చు కూడా.

జిల్లా పేరు చూసి కంగారు పడకండి. మీరు పుట్టినప్పుడు రాజాం, పాలకొండ రెండూ శ్రీకాకుళం జిల్లాలోనే ఉండేవి. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారాక రాజాం విజయనగరానికీ, పాలకొండ పార్వతీపురం మన్యానికీ వెళ్లాయి. పాత కాగితంలో ఒకటీ, కొత్త కాగితంలో ఒకటీ కనిపించినా అది మీ తప్పు కాదు. మీరు నింపవలసిన వలస వీసా దరఖాస్తు, అంటే డీఎస్-260 ఫారంలో పుట్టిన చోటు కింద ఊరు, రాష్ట్రం, దేశం మాత్రమే అడుగుతారు.

కానీ ఊరు మాత్రం కలవాలి. మీ పాస్‌పోర్టులో పుట్టిన ఊరు రాజాం అనే ఉండి ఉంటుంది. పాలకొండ నుంచి జనన ధ్రువపత్రం వస్తే రెండూ పొసగవు. ఇంటిపేరు గడి ఖాళీ సంగతి అంతకంటే ముఖ్యం. ఆ గడి ఖాళీగా ఉంటే అమెరికావారు మీ పేరు మొత్తాన్ని ఇంటిపేరు కింద వేసి, అసలు పేరు ఉండవలసిన చోట ‘ఎఫ్‌ఎన్‌యూ’ అని అచ్చు వేస్తారు. మొదటి పేరు తెలియదు అని దాని అర్థం. అదే రాత గ్రీన్‌కార్డు మీదికీ, బ్యాంకు ఖాతాలోకీ, డ్రైవింగ్ లైసెన్సు మీదికీ పాకుతుంది. అక్కడి ఆసుపత్రి వరండాలో నర్సు ‘ఫ్నూ, ఫ్నూ’ అని కేకేస్తుంటే, అది తనపేరేనని తెలియక కూర్చుండిపోయిన ఒక కాకినాడ అమ్మాయిని నేనెరుగుదును. కాబట్టి డీఎస్-260 జోలికి వెళ్లకముందే పాస్‌పోర్టు రీఇష్యూకు దరఖాస్తు చేసి, ఇంటిపేరును విడిగా చూపించడం, పుట్టిన ఊరు సరిచేయించడం, భర్త పేరు చేర్పించడం, ఈ మూడు పనులూ ఒక్క విడతలో పూర్తిచేయండి. పాస్‌పోర్టు నంబరు మారుతుంది గనుక, ఫారం నింపాక ఈ పని పెట్టుకుంటే రెట్టింపు శ్రమ.

ఏ ఇంటిపేరు పెట్టాలన్నది మీ ఇష్టం. పెళ్లయితే అత్తవారి ఇంటిపేరు పెట్టుకోవాలని మన దేశంలో ఏ చట్టమూ చెప్పదు. చదువు కాగితాలన్నీ పుట్టింటి పేరుతో ఉన్నప్పుడు అదే ఉంచుకోవడం సులువు. ఈ దశలో అడిగే పత్రాలలో ఆధార్ లేదు కాబట్టి దాని గురించి తొందర వద్దు. ‘ఇంకేవైనా పేర్లు వాడారా?’ అని ఫారంలో ఒక ప్రశ్న ఉంటుంది. అక్కడ అవునని చెప్పి, ఆధార్‌లో ఉన్న పేరు కూడా రాసేయండి. పైడితల్లి, పైడమ్మ ఇద్దరూ ఒక్కరేనని అమ్మగారి చేతనే ఒక అఫిడవిట్ రాయించి ఉంచండి.

పెళ్లిని సబ్‌రిజిస్ట్రారు కార్యాలయంలో నమోదు చేయించారనే అనుకుంటున్నాను. పోలీసు క్లియరెన్సు పాస్‌పోర్టు శాఖ ద్వారానే తీసుకోవాలి. అది కొత్త పాస్‌పోర్టు వచ్చాకే పెట్టుకోండి. తెలుగులో ఉన్న కాగితం ఏదైనా పంపితే ఇంగ్లిషు అనువాదం, దాని కింద తనకు రెండు భాషలూ వచ్చనీ అనువాదం సరైనదనీ అనువాదకుడు రాసి పెట్టిన సంతకం ఉండాలి.

ప్రశ్న: అయ్యా లేక అమ్మా, మా అమ్మాయికి ఇటీవలే వివాహం చేశాము. అల్లుడు అమెరికా పౌరుడు. మా ఊళ్లో ఒక కన్సల్టెన్సీవారు ముంబయి ఇంటర్వ్యూ తేదీ తొందరగా ఇప్పిస్తామనీ, అమ్మాయి ఒరిజినల్ సర్టిఫికెట్లన్నీ తమ దగ్గర ఉంచాలనీ అంటున్నారు. అల్లుడి జీతం చాలదేమోనని వియ్యంకులవారు తమ పొలం పాసుపుస్తకాలు కూడా చూపిద్దామంటున్నారు. ఏమి చేయమంటారు?
— విశ్రాంత ఉద్యోగి, విజయనగరం

జవాబు: ఒరిజినల్స్ ఇవ్వకండి. మా ఇంట్లో ఇలాగే ఒకరిని నమ్మి ఇస్తే, నా పదో తరగతి మెమో వారి బీరువాలో ఎక్కడో కలిసిపోయింది. ‘రేపు వెతుకుతాం’ అని నెలలపాటు తిప్పించుకుని, చివరకు దుకాణమే ఎత్తేశారు. నకలు తెచ్చుకోవడానికి నాన్నగారు పోలీసు స్టేషనుకూ బడికీ మధ్య ఎన్ని చెప్పులు అరగదీశారో ఆయనకే తెలుసు. వీసా సెంటర్‌వారికి పంపేవి స్కాన్ చేసిన ప్రతులు మాత్రమే. ఒరిజినల్స్ అమ్మాయి తన చేతులతో ఇంటర్వ్యూకు తీసుకువెళ్లాలి. భారతదేశంలో ఉన్నవారికి ఈ వలస వీసా ఇంటర్వ్యూలు ముంబయి కాన్సులేట్‌లో జరుగుతాయి; తేదీని ఇచ్చేది వీసా సెంటర్, అదీ పత్రాలన్నీ సరిపోయాక. మన ఊరి దుకాణంలో కూర్చున్నవారెవరూ ఆ వరుసను ముందుకు జరపలేరు. పౌరుల భార్యలకు ఏటా ఇన్నే వీసాలన్న పరిమితి లేదు కాబట్టి, జరపవలసిన అవసరం కూడా అంతగా ఉండదు. అల్లుడికి గ్రీన్‌కార్డు మాత్రమే ఉంటే సంగతి వేరు. అప్పుడు ఏటా ఇన్నే వీసాలన్న పరిమితి ఉన్న ఎఫ్2ఏ అనే వరుసలో నిలబడాలి.

పొలం విషయానికి వస్తే, ముందు చూసేది అల్లుడి సంపాదన. ఆయన ఐ-864 అనే హామీపత్రం మీద సంతకం చేయాలి. ఆదాయం అక్కడి ప్రభుత్వ పేదరిక రేఖకు 125 శాతం ఉండాలి. 2025 లెక్క ప్రకారం ఇద్దరున్న ఇంటికి అది ఏడాదికి సుమారు 26,437 డాలర్లు. మామూలు ఉద్యోగం ఉన్నవారు దాటగలిగే మొత్తమే ఇది. అంత రాకపోతే అక్కడే స్థిరపడిన మరొక పౌరుడో గ్రీన్‌కార్డుదారుడో ఉమ్మడి హామీదారుగా నిలబడవచ్చు. ఆస్తులు చూపాలంటే, ఏడాదిలోగా సొమ్ము చేసుకోగలిగినవై ఉండాలి. అన్నదమ్ముల వాటాలు తేలని పొలం ఏడాదిలో అమ్ముడవుతుందో లేదో మీకు నేను చెప్పాలా?

ఇంటర్వ్యూలో పెద్దలు కుదిర్చిన పెళ్లి అన్న మాటకు ఎవరూ తప్పుపట్టరు. సంబంధం ఎవరి ద్వారా వచ్చింది, తాంబూలాలు ఎప్పుడు మార్చుకున్నారు, అబ్బాయి ఏ పని చేస్తాడు, ఏ ఊళ్లో ఉంటాడు వంటివి అడుగుతారు. అల్లుడు వేసిన దరఖాస్తు నకలును అమ్మాయి ఒకసారి శ్రద్ధగా చదువుకుంటే చాలు. పెళ్లి ఆల్బమ్‌లో రెండు కుటుంబాలూ కనిపించే ఫొటోలు కొన్ని తీసుకువెళ్లమనండి. వైద్యపరీక్ష, టీకాలు కాన్సులేట్‌వారు గుర్తించిన డాక్టర్ల దగ్గరే చేయించాలి. చిన్నప్పటి టీకా కార్డు దొరికితే కొన్ని సూదులు తప్పుతాయి.

ప్రశ్న: అక్కా, మాది ఆమదాలవలస. ఒహాయో వచ్చి నాలుగు నెలలైంది. నా గ్రీన్‌కార్డు మీద రెండేళ్ల గడువే ఉంది. అది, పాస్‌పోర్టు, మిగిలిన కాగితాలు అన్నీ మావారి ఆఫీసు బీరువాలో ఉన్నాయి. ఆయన మంచివారే. కానీ కారు లేకుండా గడప దాటలేని ఊరు ఇది. పగలంతా ఇంట్లో ఒక్కదాన్నే. అమ్మకు ఫోన్ చేయాలంటే నాకు తీరికైన వేళకు అక్కడ అర్ధరాత్రి. శ్రీకాకుళంలో బీఎడ్ చేశాను. ఇక్కడ దానికి విలువ ఉంటుందా?
— ఒక చెల్లెలు

జవాబు: అమ్మా చెల్లీ, మీవారు మంచివారైతే అడగడం మరీ సులువు. రేపే మీ కార్డు, పాస్‌పోర్టు, పెళ్లి ధ్రువపత్రం తెప్పించుకుని మీ పేటికలో పెట్టుకోండి. పద్దెనిమిదేళ్లు దాటిన గ్రీన్‌కార్డుదారు తన కార్డును తన దగ్గరే ఉంచుకోవాలన్నది అక్కడి చట్టం. ఆయనతో మాట్లాడేటప్పుడు ఈ ఒక్క వాక్యం చెబితే, నమ్మకం లేదా అన్న ప్రశ్నే రాదు.

రెండేళ్ల గడువు ఎందుకంటే, మీరు దేశంలో అడుగుపెట్టిన రోజుకు మీ పెళ్లయి రెండేళ్లు నిండలేదు. కార్డు మీది తేదీకి ముందు వచ్చే 90 రోజుల్లో ఆ రెండేళ్ల షరతు తీసేయమని కోరే ఐ-751 ఫారం మీరిద్దరూ కలిసి వేయాలి. ఆ తేదీని వంటింటి గోడ మీది క్యాలెండరులో ఈరోజే రాసుకోండి. కాపురం నిజమైనదని చూపే ఆధారాలు అప్పుడు అడుగుతారు కాబట్టి, అద్దె ఒప్పందంలో మీ పేరు, ఉమ్మడి బ్యాంకు ఖాతా, ఇద్దరూ కలిసి దాఖలు చేసిన పన్ను పత్రం ఇప్పటినుంచే ఏర్పడనివ్వండి. ఇల్లు మారితే పది రోజుల్లోగా కొత్త చిరునామా తెలియజేయాలి. ఒకవేళ ఎవరి కాపురమైనా చెడితే, లేదా భర్త హింసిస్తే, భార్య ఒక్కతే ఈ ఫారం వేసుకునే వీలు ఉంది. ఇది మీ కోసం కాదు. చదివేవారిలో ఎవరికైనా అవసరపడుతుందని రాస్తున్నాను.

కారు నేర్చుకోండి. నేను వెళ్లిన కొత్తలో ఆరునెలలు మంచు పేరు చెప్పి వాయిదా వేశాను. ఆ ఆరునెలల్లో నాకు తెలిసిన అమెరికా అంతా మా కిటికీ అద్దంలో పట్టింది. నేర్చుకునేలోగా నడిచి వెళ్లగలిగిన దూరంలో పబ్లిక్ లైబ్రరీ ఉంటే సభ్యత్వం తీసుకోండి. డబ్బు అడగరు. చాలా లైబ్రరీలలో కొత్తగా వచ్చినవారు కూర్చుని ఇంగ్లిషు మాట్లాడుకునే తరగతులు కూడా జరుగుతాయి. ఇక అమ్మ ఫోన్ సంగతి: ఒహాయోకూ మనకూ వేసవిలో తొమ్మిదిన్నర గంటలు, చలికాలంలో పదిన్నర గంటలు తేడా. మీరు పొద్దున్న ఏడింటికి కాఫీ పెట్టుకునేటప్పుడు అమ్మకు సాయంత్రం. ఆమె గుమ్మం ముందు కూర్చునే వేళే అది. మధ్యాహ్నం తీరిక కోసం చూడకుండా ఆ వేళకు మార్చుకోండి.

బీఎడ్‌కు విలువ ఉంటుంది, కానీ నేరుగా కాదు. టీచరు లైసెన్సు రాష్ట్రాలవారీగా ఇస్తారు. దానికి ముందు మీ డిగ్రీ, బీఎడ్ రెండూ అక్కడి చదువుతో ఎంతకు సమానమో ఒక మదింపు సంస్థ చేత తేల్పించుకోవాలి. ఆ సంస్థలు సాధారణంగా మీ చేతిలోని మార్కుల జాబితాను ఒప్పుకోవు. విశ్వవిద్యాలయమే ముద్ర వేసిన కవరులో గానీ, నేరుగా తన ఈమెయిల్ నుంచి గానీ, చదువు, మార్కుల అధికారిక వివరాలుండే ట్రాన్‌స్క్రిప్టు పంపాలి. ఇక్కడ ఉండగానే తెచ్చుకోవలసిన కాగితం ఇదొక్కటే, అందరూ మరిచిపోయేదీ ఇదే. మీరు చదివింది ఎచ్చెర్లలోని అంబేద్కర్ విశ్వవిద్యాలయం పరిధిలో అయితే, మీ తరఫున వెళ్లడానికి ఎవరికైనా అధికారపత్రం రాసి, సంతకం చేసి, మీ పాస్‌పోర్టు నకలుతో కలిపి పంపండి. మదింపు సంస్థ ఇచ్చే రిఫరెన్సు నంబరు ఆ కవరు మీద తప్పకుండా రాయించమని చెప్పండి. ఆ నంబరు లేక మా మరదలి కవరు రెండుసార్లు తిరిగి ఎచ్చెర్లకే వచ్చింది.