షీట్ మాస్క్ తీశాక మొహం కడుక్కోవాలా?

షీట్ మాస్క్ (ఎసెన్స్ అనే ద్రవంలో తడిపి ప్యాకెట్‌లో పెట్టిన, మొహం ఆకారంలో ఉండే పల్చటి గుడ్డ) రోజూ వేసుకోవచ్చా, తీశాక కడుక్కోవాలా, రంగు వస్తుందా అని అడిగారు. మీది జిడ్డు చర్మం, ఉండేది హైదరాబాద్ అన్నారు కాబట్టి ఆ లెక్కలోనే చెప్తాను. నేను దక్షిణ కొరియాలో దేజాన్‌లో రెండేళ్లు చదువుకున్నాను. డాక్టర్ని కాదండీ, వాడి, ఓసారి దెబ్బతిని నేర్చుకున్నదే ఇది.

కడుక్కోకండి. మనకు సెనగపిండి, ముల్తానీ మట్టి అలవాటు: ఆరేదాకా ఉంచి కడిగేస్తాం. షీట్ మాస్క్ దగ్గర ఆ రెండూ తప్పే. ప్యాకెట్‌లో ఉండే 20-25 మిల్లీలీటర్ల ఎసెన్స్‌లో చాలావరకు నీళ్లే. గ్లిజరిన్, హైలురానిక్ యాసిడ్ లాంటివి ఆ తేమని చర్మం మీద పట్టి ఉంచుతాయి. కడిగేశారంటే పెట్టిన డబ్బులు సింకులో పోసినట్టే.

ఆరనివ్వకూడదని నాకు తెలిసొచ్చింది ఓ డిసెంబరు రాత్రి. అక్కడి ఇళ్లలో ఒండోల్ ఉంటుంది, అంటే నేల కింద గొట్టాల్లో వేడినీళ్లు తిరుగుతుంటాయి. చలికాలంలో నేల వెచ్చగా, హాయిగా ఉంటుంది కానీ గదిలో గాలి మాత్రం ఎండిపోయి ఉంటుంది. పరీక్షలకి చదువుతూ మాస్క్ వేసుకుని, ఆ వెచ్చటి నేల మీదే వాలి నిద్రపోయాను. తెల్లారి లేచేసరికి గుడ్డ అప్పడంలా బిగిసి నుదుటికి అతుక్కుంది. అంచు పట్టి లాగితే ముక్కు పక్కన చురుక్కుమంది. రెండు రోజులు నవ్వాలన్నా చెంపలు బిగుసుకుపోయేవి. నా రూమ్మేట్ నాకంటే మూడేళ్లు పెద్ద, ఒన్నీ అని పిలిచేదాన్ని, అక్క అన్నమాట. ఆవిడ చూసి పగలబడి నవ్వి, ఆ తర్వాత నా ఫోన్లో 15 నిమిషాలకి అలారం పెట్టి ఇచ్చింది. గుడ్డ ఆరడం మొదలైందంటే ఇచ్చిన తడిని తనే వెనక్కి లాక్కుంటుంది అని ఆవిడ చెప్పిన మాట. తడిగా ఉండగానే తీసేయాలి, 20 నిమిషాలు దాటకూడదు.

వేసుకునే పద్ధతి ఆవిడ దగ్గర చూసిందే చెప్తాను. మొహం కడుక్కుని, టోనర్ (కడుక్కున్నాక రాసే నీళ్లలాంటి ద్రవం) రాసుకోవాలి. కొన్ని మాస్క్‌లకి వెనక ఒక ప్లాస్టిక్ పొర ఉంటుంది, అది ముందు తీసేయకండి, అది లేకుండా తడిగుడ్డ విప్పడం తడిసిన సేమ్యా విడదీసినట్టే. కళ్ల కంతలు సరిచూసుకుని, ముక్కు దగ్గర మొదలుపెట్టి బయటికి అద్దుకుంటూ పోవాలి. తీశాక మిగిలిన తడిని చేత్తో తట్టి ఇంకించి, పైన పల్చగా క్రీమ్ రాయాలి. చాలామంది వదిలేసేది ఈ చివరిదే. క్రీమ్ లేకపోతే ఆ తేమ ఫ్యాన్ గాలికి అరగంటలో పోతుంది. మీది జిడ్డు చర్మం కాబట్టి జెల్ లాంటిది చాలు.

రోజూ వేసుకోవడమంటారా, 'రోజుకో ప్యాక్' అనే మాట అక్కడ బాగా వాడుకలో ఉంది (షీట్ మాస్క్‌ని వాళ్లు ప్యాక్ అనే అంటారు). కానీ ఆ చలి వేరు, ఆ పొడిగాలి వేరు. నేను విజయవాడ వచ్చాక అదే ఊపులో మే నెలలో వారం రోజులు వరసగా వేశాను, నుదుటి మీద చెమటకాయల్లా చిన్న చిన్న పొక్కులు లేచాయి. ఇప్పుడు వారానికొకటి, అదీ పెళ్లికో, ఎండలో బాగా తిరిగొచ్చిన రోజుకో. చీము పట్టిన మొటిమలున్నప్పుడు అసలొద్దు. స్క్రబ్, రెటినాల్ (విటమిన్ ఎ రకం మందు) వాడిన రాత్రి కూడా వద్దు.

రంగు గురించి ఆశ పెట్టుకోకండి. తీసిన వెంటనే మెరిసేది తడి మెరుపు, మర్నాటికి మామూలే. కొరియా ప్యాకెట్ల మీద 'మిబెక్' అని ఉంటుంది, దాన్ని ఇక్కడ వైట్నింగ్ అని అమ్ముతారు. అక్కడి నిబంధనల ప్రకారం ఆ మాట వేసుకోవాలంటే ఆమోదించిన పదార్థం నిర్ణీత మోతాదులో ఉండాలి, ఉదాహరణకి నియాసినమైడ్ (విటమిన్ బి3 రకం) అయితే 2 నుంచి 5 శాతం. అది మచ్చల్ని మెల్లగా తగ్గించడానికి, అదీ నెలల తరబడి వాడితే. అందుకు మాస్క్ కన్నా రోజూ రాసే సీరమ్ నయం, దానికన్నా ముందు సన్‌స్క్రీన్.

కొనేటప్పుడు దిగుమతి చేసుకున్నవాళ్ల పేరు, రిజిస్ట్రేషన్ నంబరు ఉన్న స్టిక్కర్ చూడండి. తేదీని కొరియాలో సంవత్సరం, నెల, రోజు వరసలో వేస్తారు. పైగా కొన్నిటి మీద తయారీ తేదీ, కొన్నిటి మీద వాడాల్సిన గడువు ఉంటుంది. ఫోన్ కెమెరాతో పక్కనున్న మాటని అనువదించి చూసుకోండి. వాసన ఘాటుగా ఉన్నవి నాకు పడవు, కొత్తదేదైనా ముందు చెవి వెనక కాస్త రాసి ఒకరోజు ఆగుతాను.

ప్యాకెట్ అడుగున మిగిలే ఎసెన్స్‌ని మెడకి, మోచేతులకి అప్పుడే రాసేయండి, తెరిచింది రేపటికి దాచొద్దు. మా ఇంట్లో అసలు మిగలదు. మాస్క్ వేసుకున్న నా మొహం చూసి "ఆ ముసుగేంటే" అని విసుక్కునే మా అమ్మే, ఖాళీ ప్యాకెట్ పిండుకుని మడమల పగుళ్లకి రాసుకుంటుంది.