నాన్నగారికి ఫోన్ చెయ్యి

ఉత్తరం (కుదించినది): "నేను డబ్లిన్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. మాది తెనాలి. మూడేళ్ళ క్రితం గాల్వేకి చెందిన ఐరిష్ అబ్బాయిని పెళ్ళి చేసుకున్నాను. అప్పటి నుంచి నాన్న నాతో మాట్లాడటం లేదు. పన్నెండు రోజుల క్రితం మాకు పాప పుట్టింది. అనూరాధ రెండో పాదం కాబట్టి 'నీ' అక్షరంతో పేరు పెట్టాలని పంతులుగారు అన్నారట. మావారికి చిన్నప్పుడు తనని పెంచిన నాయనమ్మ పేరు 'నీవ్' పెట్టాలని ఉంది. నాన్న మాత్రం వాళ్ళమ్మ సుబ్బరత్నమ్మ పేరు పెడితేనే ఇరవై ఒకటో రోజు బారసాలకి వీడియోలో కూర్చుంటానని అమ్మతో చెప్పించారు. ఈ షరతు సంగతి మావారికి ఇంకా చెప్పలేదు. సీర్ష, ఈఫా, కీవా, రోషీన్ అంటూ పదకొండు పేర్లు రాసుకున్నాను. ఏదీ రెండు వైపులా నప్పడం లేదు. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. అందరికీ నచ్చే పేరు ఒకటి చెప్పండి."

అమ్మా, నువ్వు నా కూతురి వయసుదానివి. నువ్వు అనే రాస్తాను.

ముందు పేరు సంగతి తేల్చేస్తాను, అది తేలికే. పంతులుగారు 'నీ' అన్నారు. మీ ఆయన నీవ్ అన్నాడు. ఇంకేం కావాలి? ఇంగ్లీషు అక్షరాల్లో చూసి మనం 'నియామ్' అని చదువుతాం గానీ, ఐరిష్‌లో ఎమ్ పక్కన హెచ్ వస్తే 'వ' పలుకుతుంది. వెలుగు అని అర్థం. తెనాలిలో నోరు తిరగని పేరేమీ కాదు, 'నీవు' అని పద్యాల్లో రోజూ వినే మాటే. సీర్ష అంటే స్వేచ్ఛ, రోషీన్ అంటే చిట్టి గులాబీ. మంచి పేర్లే. కానీ అవి నువ్వు భయపడుతూ వెతుక్కున్నవి, ఇది పాప తండ్రి మనసుపడి అడిగింది. అక్కడ పుట్టిన మూడు నెలల్లోగా రిజిస్టర్ చేయించాలి కదా, వెళ్ళి ఆ పేరు రాయించు.

ఇక అసలు విషయం. నీ ఉత్తరం నాలుగు పేజీలు. పదకొండు పేర్లకీ అర్థాలు రాశావు, ఎలా పలకాలో రాశావు. నాన్నగారి గురించి అక్కడక్కడా ఒకటి రెండు మాటలే. వాటిలో ఒకటి మూడో పేజీ అంచున ఇరికించావు: "అమ్మతో వీడియో కాల్ మాట్లాడుతుంటే వెనక కుర్చీలో నాన్న పేపరు పట్టుకున్న చేతులు కనిపిస్తాయి. నేను మాట్లాడినంతసేపూ ఆయన పేజీ తిప్పరు."

ఆ వాక్యం దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. మూడేళ్ళుగా ఆయన ప్రతి కాల్‌కీ ఆ కుర్చీలోనే కూర్చుంటున్నారు తల్లీ. వద్దనుకునే మనిషి వేరే గదిలోకి పోతాడు.

ఆ షరతునే చూడు. సుబ్బరత్నమ్మ పేరులో 'నీ' ఎక్కడుంది? నక్షత్రం, పాదం చూసి అడిగిన పేరు కాదది. తల్లి మీద ప్రేమ ఉండే ఉంటుంది, కాదనను. కానీ ఆయనకి ముఖ్యంగా కావలసింది నీతో మాట్లాడటానికి ఒక వంక, అదీ నువ్వే తలొంచినట్టు పదిమందికీ కనిపించేలా. పెళ్ళికి ముందు "నీకు నీళ్ళు వదిలేశాను" అన్నారని రాశావు. అంత మాట అన్నాక తనంతట తాను దిగిరావడం ఆయనకి కష్టంగా ఉంది. అందుకని పన్నెండు రోజుల పసిగుడ్డుని మధ్యలో పెట్టారు.

ఆ షరతుకి నువ్వు ఒప్పుకోకూడదు. పెద్దల పేరు పెట్టడం మన ఇళ్ళల్లో గౌరవం. బేరానికి పెడితే అందులో గౌరవం ఏముంది? రేపు పాప "నాకీ పేరు ఎందుకు పెట్టారమ్మా" అని అడిగితే, "తాతయ్య నాతో మాట్లాడాలని" అని చెప్తావా?

ఇంకో సంగతి. నాకు మా నాయనమ్మ పేరు పెట్టారు. అత్తగారి పేరు పెట్టి పిలవకూడదని మా అమ్మ జన్మంతా నన్ను "బుజ్జీ" అనే పిలిచింది. నా పెళ్ళి శుభలేఖ మీద ఉన్న పేరు ఆవిడ నోట నేను ఒక్కసారీ వినలేదు. మీ ఇంట్లోనూ అంతే కదా? సుబ్బరత్నమ్మ అని పెడితే ఆ పేరుతో మీ అమ్మ మనవరాలిని ఎలా పిలుస్తుంది? మూడేళ్ళుగా మీ తండ్రీకూతుళ్ళ మధ్య మాటలు మోసింది ఆవిడే. ఇక్కడి మాట అక్కడికీ, అక్కడి మాట ఇక్కడికీ, కటువుగా ఉన్నది మెత్తగా చేసి చెప్తూ. మీ ఐరిష్ అత్తగారు, "మా పాత పద్ధతిలో మొదటి ఆడపిల్లకి అమ్మమ్మ పేరు పెట్టేవారు, కావాలంటే మీ అమ్మ పేరు పెట్టుకో" అన్నారని రాశావు. సొంత అత్తగారి పేరు పక్కన పెట్టి మరీ అన్న మనిషి ఆవిడ. అంత మంచి మాటని నువ్వు ఒక్క లైనులో దాటేశావు. నాలుగు పేజీల్లో మీ అమ్మ పేరు ఎక్కడా లేదు. పాపకి రెండో పేరు పెట్టాలనిపిస్తే ఆవిడ పేరు పెట్టు.

నీ అత్తవారి దేశానికి ఈ బాధ కొత్త కాదు. ఒకప్పుడు ఐర్లండ్‌లో పిల్లలు అమెరికా ఓడ ఎక్కే ముందు రాత్రి, ఇంట్లో శవం ఉన్నప్పుడు చేసే జాగారమే చేసేవారు. అమెరికన్ వేక్ అనేవారు దాన్ని. బతికున్న బిడ్డని కూర్చోబెట్టుకుని ఊరంతా తెల్లవార్లూ మేలుకునేవారు, మళ్ళీ చూస్తామన్న ఆశ లేక. మీ నాన్నగారికి అలాంటి గతి పట్టలేదు. ఫోన్ చేతికందే దూరంలో ఉంది. అది ఉండి కూడా కూతురికి నీళ్ళు వదిలేశానన్న ఆయన తీరు నాకు నచ్చలేదు.

అయితే తప్పంతా ఆయనదే అనను. ఈ మూడేళ్ళలో నువ్వు నేరుగా ఆయనకి ఎన్నిసార్లు ఫోన్ చేశావో ఉత్తరంలో లేదు. చేసి ఉంటే రాసేదానివి. అమ్మ చేత అడిగించావు, అమ్మ చేత బతిమాలించావు. పెళ్ళి విషయంలో అంత ధైర్యంగా నిలబడిన పిల్లవి, నాన్న దగ్గరికి వచ్చేసరికి అమ్మ కొంగు చాటున ఉండిపోయావు. కూతురిగా ఆయనతో నేరుగా మాట్లాడటం నీ బాధ్యత.

ఐరిష్ పురాణాల్లోని నీవ్ కథ మీ అత్తగారు చెప్పే ఉంటారు. తెల్ల గుర్రం మీద వచ్చి ఓషీన్ అనే వీరుణ్ణి ముసలితనం లేని దేశానికి తీసుకుపోతుంది. అక్కడ మూడేళ్ళు గడిచాయనుకుంటాడు అతను. తండ్రిని చూడాలని ప్రాణం కొట్టుకుని వెనక్కి వస్తే, ఇక్కడ మూడు వందల ఏళ్ళు అయిపోయి ఉంటాయి. తండ్రి లేడు, తనవాళ్ళెవరూ లేరు. గుర్రం మీంచి జారి నేలకి తగలగానే అతనూ పండు ముసలి అయిపోతాడు. నీ ఉత్తరంలో "మూడేళ్ళే కదా, ఆయనే మారతారులే అనుకున్నాను" అన్న మాట చదివాక నాకు ఈ కథే గుర్తొచ్చింది. ఆయనకి అరవై ఎనిమిది, బీపీ ఉందని నువ్వే రాశావు.

ఫోన్ చేసేముందు మీ ఆయనకి అంతా చెప్పు. "నమస్కారం మామయ్యగారూ" అని ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకున్న చీటీ అతని పర్సులో ఇప్పటికీ ఉందన్నావు. పెళ్ళినాడు అది చదివే అవకాశం రాలేదు అతనికి. అలాంటి మనిషి దగ్గర ఈ షరతు దాచడం ఏం న్యాయం? బారసాల నాడు పళ్ళెంలో బియ్యం మీద ఉంగరంతో పేరు రాసేది అతనే. నీవ్, రెండే అక్షరాలు, తెలుగులో నేర్పించు.

ఇప్పుడు అక్కడ వేసవి గడియారం కాబట్టి మీకూ మాకూ నాలుగున్నర గంటలు తేడా. శనివారం అక్కడ పొద్దున్న పదింటికి చెయ్యి. ఇక్కడ రెండున్నర, భోజనం అయి ఆయన కుర్చీలోకి వచ్చే వేళ. అమ్మ ఫోన్‌కి వద్దు, ఆయన ఫోన్‌కే చెయ్యి. "నాన్నా, నేను. పాప పేరు నీవ్. మా ఆయన్ని పెంచిన నాయనమ్మ పేరు. మీరు అడిగిన పేరు పెట్టడం లేదు. బారసాలకి మాత్రం మీరు కూర్చోవాలి" అను. ఏడుపొస్తే రానీ. ఎత్తకపోతే ఆదివారం మళ్ళీ చెయ్యి, ఆ తర్వాత వారం వారం చెయ్యి. ఎత్తి మాట్లాడకపోతే మాత్రం నువ్వు పెట్టెయ్యకు. పాపని ఒళ్ళో పెట్టుకుని, ఫోన్ దాని పక్కన పెట్టి, ఆయన పెట్టేసేదాకా అలాగే కూర్చో.