బీమా కంటే ముందు బాల్కనీ

ప్రశ్న: ఇద్దరం ఉద్యోగాలు చేస్తాం. హైదరాబాద్ మియాపూర్‌లో నాలుగో అంతస్తులో అద్దెకు ఉంటున్నాం. ఏడాది వయసున్న మగ పిల్లి ఉంది. ఈమధ్యే ఒక ఊరకుక్క పిల్లను తెచ్చుకున్నాం, దానికిప్పుడు నాలుగు నెలలు. దానికి ఒక్క టీకానే పడింది. పిల్లికి టీకాలన్నీ అయ్యాయి, పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ కాలేదు. వీటికని రూ.60 వేలు దాచాం, తిండి ఖర్చు కాక నెలకు ఇంకో రూ.5 వేలు తీయగలం. కుక్కకు ఏడాదికి రూ.9 వేలు కడితే రూ.50 వేల బీమా వస్తుందని ఏజెంటు అంటున్నారు. బాల్కనీ 12 అడుగుల వెడల్పు, 9 అడుగుల ఎత్తు. నైలాన్ వలకు చదరపు అడుగు రూ.25, ఇన్‌విజిబుల్ గ్రిల్‌కు (సన్నటి స్టీలు తీగల వరస) రూ.180 అడుగుతున్నారు. దేనికెంత పెట్టాలండీ?

జవాబు: ఏజెంటును రెండు నెలలు ఆగమనండి. ముందు బాల్కనీ సంగతి చూద్దాం.

మీ కొలత 108 చదరపు అడుగులు. వల రూ.2,700లో అయిపోతుంది, గ్రిల్‌కు రూ.19,440 అవుతుంది. రెండూ వద్దంటాను. నైలాన్ వల పావురాలు లోపలికి రాకుండా కట్టేది, పిల్లి బయటికి పోకుండా ఆపేది కాదు. ఎండకు పెళుసెక్కుతుంది, కింది వరస ముడులను కుక్కపిల్ల నాలుగు రోజుల్లో కొరికేస్తుంది. గ్రిల్ గట్టిదే, కానీ గోడకూ సీలింగుకూ వరసగా రంధ్రాలు వేస్తారు. ఇల్లు ఖాళీ చేసేటప్పుడు గ్రిల్ ఓనరుకు మిగులుతుంది, మీ అడ్వాన్సులో కోత పడుతుంది.

వెల్డింగ్ షాపులో అంగుళం గళ్ల జీఐ వెల్డ్ మెష్‌తో (జింకు పూత వేసిన ఇనుప జాలీ) నాలుగడుగుల వెడల్పు ఫ్రేములు మూడు చేయించండి. కింద రెయిలింగుకు క్లాంపులు, పైన ఫ్రేముకు రెండు స్క్రూలు. ఇల్లు మారితే విప్పి తీసుకెళ్లొచ్చు, ఆ రంధ్రాలు వైట్ సిమెంటుతో పూడిపోతాయి. దీనికి రూ.12 వేలు అనుకోండి. బిగించే ముందు ఓనరు ఒప్పుకోలును వాట్సాప్‌లో రాతపూర్వకంగా తీసుకోండి.

కిటికీలను మరిచిపోవద్దు. ఇనుప గ్రిల్ చువ్వల మధ్య నాలుగంగుళాలుంటే పిల్లి దూరిపోతుంది. మీరు నమ్ముకున్న దోమల జాలీ షట్టరును అది పంజాతో పక్కకు లాగేస్తుంది. ట్రాక్‌లో పట్టేలా కోసిన అల్యూమినియం ముక్క అడ్డం పెడితే షట్టరు కదలదు. కిటికీలన్నిటికీ కలిపి వెయ్యి రూపాయలు.

తర్వాత టీకాలు, ఆపరేషన్లు: రూ.14 వేలు. కుక్కపిల్లకు ఒక్క డోసుతో పార్వో (వాంతులు, విరేచనాలతో ప్రాణం తీసే వైరస్) నుంచి రక్షణ వచ్చేసిందనుకోకండి. తల్లి పాల ద్వారా వచ్చిన యాంటీబాడీలు (రక్షక ప్రోటీన్లు) మొదటి టీకాను పనిచేయనివ్వకపోవచ్చు. అందుకే 16 వారాలు దాటేదాకా మూడు నాలుగు వారాలకొకసారి వేస్తారు. ఈ వారమే రెండోది, రేబిస్‌ది వేయించి, తర్వాతి తేదీలు కార్డు మీద రాయించుకోండి. కోర్సు పూర్తయ్యేదాకా మిగతా కుక్కలు తిరిగే చోట దించకండి. నారాయణగూడ ప్రభుత్వ పశువైద్యశాలలో, రాజేంద్రనగర్ వెటర్నరీ కాలేజీలో ఖర్చు తక్కువ. పిల్లికి ఈ నెలలోనే ఆపరేషన్ చేయించండి. లేకపోతే ఇంట్లో మూత్రం చిమ్ముతుంది, ఆడపిల్లి వాసన తగిలితే మీ మెష్‌తోనే కుస్తీ పడుతుంది.

ఇంటి లోపలికి రూ.3 వేలు చాలు. మూత బిగిసే చెత్తడబ్బా, వంటింటి అరలకు చైల్డ్ లాకులు, పిల్లి మలమూత్రాలకు రెండు లిట్టర్ ట్రేలు. ట్రేలను కుక్కకు అందని ఎత్తులో పెట్టండి. పిల్లి మలంతోపాటు ట్రేలో పోసే గడ్డకట్టే లిట్టరును కూడా కుక్క మింగితే దాని పేగులో అడ్డం పడవచ్చు. నేల తుడవడానికి ఫినాయిల్ మానేయండి. పిల్లి తడి నేల మీద నడిచి పాదాలు నాకుతుంది, ఫినాల్‌ను దాని కాలేయం సరిగా విరగ్గొట్టలేదు. బ్లీచింగ్ వాడితే మూత్రం మీద నేరుగా పోయకండి, ఘాటు గ్యాస్ లేస్తుంది. పారాసిటమాల్ సగం మాత్ర కూడా పిల్లి ప్రాణం తీయగలదు. ఉల్లిపాయ, వెల్లుల్లి రెండింటికీ పడవు. పాయసంలోని కిస్‌మిస్ కుక్క కిడ్నీలను దెబ్బతీస్తుంది. కుండీల్లో గన్నేరు, లిల్లీ, సైకస్ ఉంటే ఎవరికైనా ఇచ్చేయండి.

ఖర్చు చేయి దాటేది పిడుదుల దగ్గరే. చాలామంది కుక్కకు మాత్ర వేసి ఊరుకుంటారు. పిడుదు కుక్క మీద ఉండేది కొద్ది రోజులే. మిగతా కాలం తలుపు చట్రాల్లో, మంచం కింద, స్కర్టింగ్ పగుళ్లలో దాక్కుని గుడ్లు పెడుతుంది. ఆ పగుళ్లను వైట్ సిమెంటుతో మూసి, పడక గుడ్డలు వారానికోసారి వేడినీళ్లలో ఉతకండి. పిడుదుల వల్ల వచ్చే టిక్ ఫీవర్ రక్తపరీక్షల కంటే సిమెంటు చవక. మాత్రలు ఒక్కసారే మూడు నెలలవి కొనకండి, పెరిగే పిల్లకు బరువు మారితే డోసూ మారుతుంది. మెడ వెనక వేసే చుక్కమందులో పర్మెత్రిన్ ఉంటే ఇంట్లోకే తేకండి, కుక్కకు సరిపడేది పిల్లికి విషం.

ఇప్పటికి మొత్తం 30 వేలయింది. మిగిలిన 30 వేలను ఆటో స్వీప్ (డిపాజిట్ వడ్డీ వస్తూనే ఎప్పుడైనా తీసుకోగలిగే సదుపాయం) ఉన్న విడి ఖాతాలో వేయండి. నెలవారీ 5 వేలలో వెయ్యి మందులకు, 4 వేలు ఈ ఖాతాకు. పది నెలలకు 70 వేలవుతుంది. లాక్ ఉన్న డిపాజిట్ వద్దు. మగ పిల్లికి మూత్రం అడ్డుపడితే తెల్లారేదాకా ఆగే వీలుండదు. ట్రేలో పదేపదే కూర్చుని చుక్క కూడా రాకపోతే అదే గుర్తు. ఆ రాత్రి క్రెడిట్ కార్డు గీకి కట్టలేక మిగిలిస్తే, వడ్డీయే నెలకు మూడు శాతం పైచిలుకు పడుతుంది.

ఇక బీమా. టీకాల కార్డు పూర్తిగా లేకపోతే, టీకాతో ఆగే జబ్బుకు క్లెయిం సాధారణంగా ఇవ్వరు. అందుకే ఆగమన్నాను. రెండు నెలల తర్వాత పాలసీ పత్రం ముందు పెట్టుకుని అడగండి: టిక్ ఫీవర్ కవరవుతుందా, వెయిటింగ్ (క్లెయిం చేయడానికి ఆగాల్సిన కాలం) ఎన్నాళ్లు, మన వాటా ఎంత, కుక్క ఎవరినైనా కరిస్తే వాళ్ల వైద్యానికి ఎంత ఇస్తారు. అపార్ట్‌మెంటులో ఆ చివరిదే అసలు విలువ. అది లేకపోతే 50 వేల కవరు కోసం ఏటా 9 వేలు కట్టడం దండగ. టీకాలు, ఆపరేషన్ ఖర్చు మామూలుగా దీనిలో రావు, ఈ ప్రీమియానికి మీ ఆరోగ్య బీమాకు వచ్చే పన్ను మినహాయింపు కూడా లేదు. పిల్లికి మాత్రం పై ఖాతానే బీమా అనుకోండి.

ఏటా జులై 6న, జూనోసిస్ (జంతువుల నుంచి మనుషులకు సోకే జబ్బులు) దినం నాడు, ప్రభుత్వ పశువైద్యశాలల్లో రేబిస్ టీకా ఉచితంగా వేస్తారు. వచ్చే ఏడాది నుంచి వార్షిక డోసు తేదీ దాటిపోకుండా ఆ రోజుకు కుదిరితే ఆ ఖర్చు మిగులుతుంది.