భాషా సందేహాలు: ఆగినది మళ్ళీ మొదలైతే ఏమనాలి?

ప్రశ్న: మా కాలనీలోని పఠన మందిరాన్ని మరమ్మతుల కోసం నాలుగు నెలలు మూసి ఉంచారు. ఇప్పుడు తలుపు మీద ‘సోమవారం నుండి తిరిగి పునర్ప్రారంభించబడును’ అని కాగితం అంటించారు. అటుగా వెళ్ళినప్పుడల్లా అది ముల్లులా గుచ్చుకుంటోంది. ఇందులో తప్పేమిటో చెప్పగలరా?
– ఒక పాఠకురాలు, మలక్‌పేట, హైదరాబాద్

జవాబు: మీకు గుచ్చుకున్న ముళ్ళు రెండమ్మా. ‘తిరిగి’ అన్నా ‘పునః’ అన్నా అర్థం ఒకటే కనుక రెండింటినీ పక్కపక్కన పెట్టడం పునరుక్తి. రెండవది సంధికి సంబంధించినది. ‘పునర్’ అనే సంస్కృత అవ్యయం చివర ఉన్నది రేఫ, అంటే ‘ర్’; దాని తరువాత అచ్చు గాని, గ, జ, ద, న, వ వంటి హల్లు గాని వస్తే ఆ రేఫ అలాగే నిలుస్తుంది కాబట్టి పునరుద్ధరణ, పునర్జన్మ, పునర్నిర్మాణం అంటున్నాం. క, ప వంటి పరుషాలు వచ్చినప్పుడు మాత్రం అది విసర్గగా మారుతుంది కనుక పునఃపరిశీలన, పునఃప్రారంభం అనాలి. చకారం ముందు మరో రూపం పొంది ‘పునశ్చరణ’ అవుతుంది. ‘ఆరంభం’ చేరితే ‘పునరారంభం’ సరైన మాటే. బహుశా ఆ రేఫే ‘ప్రారంభం’ ముందుకు కూడా పాకి ‘పునర్ప్రారంభం’ పుట్టి ఉంటుంది.

విసర్గ విషయంలో మరో మాట చెప్పాలి. కీబోర్డులో విసర్గ దొరకక చాలామంది ఆ చోట విరామచిహ్నమైన రెండు చుక్కలను కొడుతున్నారు. కంటికి తేడా తెలియదు గాని, కంప్యూటర్‌కు అవి వేరు వేరు గుర్తులు; అలా కొట్టిన పదాన్ని తరువాత వెతికితే దొరకదు.

అయినా, ఆ కాగితానికి ఇంత సంస్కృతం అవసరమా? ‘సోమవారం నుంచి పఠన మందిరం మళ్ళీ తెరుస్తాం’ అంటే బడి పిల్లవాడికి కూడా అర్థమవుతుంది. మళ్ళు, మరలు, తిరుగు అనే క్రియలన్నీ వెనక్కు రావడాన్ని చెప్పేవే. మళ్ళీ, మరల, తిరిగి అనే మాటలు వాటి నుంచే వచ్చాయి. వీటిలో ‘తిరిగి’ని కొంచెం జాగ్రత్తగా వాడాలి. ‘ఊరంతా తిరిగి వచ్చాడు’ అన్నప్పుడు ఊరు చుట్టి వచ్చాడనే అర్థం వస్తుంది. ‘మళ్ళీ’కి ఆ చిక్కు లేదు కనుక నేను దానివైపే మొగ్గుతాను.

ప్రశ్న: కరోనా కాలంలో ఆగిపోయిన మెట్రో రైళ్ళు మళ్ళీ నడవడాన్ని పునఃప్రారంభం అనాలా, పునరుద్ధరణ అనాలా?
– ఒక పాఠకుడు, మియాపూర్, హైదరాబాద్

జవాబు: హైదరాబాద్ మెట్రో 2020 మార్చి 22న ఆగి, సెప్టెంబరు 7న మీ మియాపూర్ – ఎల్బీనగర్ మార్గంతో మళ్ళీ మొదలైంది. పట్టాలు చెడలేదు, బోగీలు పాడవలేదు. ఆపమన్నారు కనుక ఆగాయి, నడపమన్నారు కనుక నడిచాయి. కాబట్టి పునఃప్రారంభమే తగిన మాట. ఉద్ధరించడం అంటే పైకెత్తడం. కూలినదానికో, చెడినదానికో అది నప్పుతుంది. చెత్తతో పూడిపోయిన బన్సీలాల్‌పేట మెట్లబావిని శుభ్రం చేసి, బాగుచేసి 2022 డిసెంబరులో ప్రజలకు తెరిచారే, అది పునరుద్ధరణ. గాలివానకు తీగలు తెగిన వీధికి కరెంటు మళ్ళీ ఇవ్వడం కూడా అంతే. సగంలో వదిలిన పనిని వదిలిన చోటనే అందుకుంటే ‘కొనసాగించడం’. చేసినదంతా వృథా అయి తొలి నుంచి చేయవలసి వస్తే మనవాళ్ళు ‘కథ మొదటికొచ్చింది’ అంటారు. ఆ నిట్టూర్పు పునఃప్రారంభంలో లేదు.

ఇక మన ఆటో డ్రైవర్లు ‘మెట్రో మల్ల షురూ అయింది’ అంటారు. ‘షురూ’ ఉర్దూ నుంచి వచ్చినా తెలంగాణ నోళ్ళలో తరతరాలుగా నలిగిన మాట. దానిని తప్పుగా ఎంచి దిద్దబోవద్దని ఉపాధ్యాయులకు నా మనవి.