పెన్సిల్ గీతల వెనక కథ

ప్రశ్న: మా తాతయ్య ట్రంకుపెట్టెలో 1980ల నాటి ఎకనమిక్ టైమ్స్ పేపర్ల కట్ట దొరికింది. పేజీల నిండా షేర్ల ధరలే, కొన్నిటి పక్కన పెన్సిల్ గీతలు. ఈ పేపరు ఎప్పుడు మొదలైంది? ఆ అంకెలన్నీ నిజంగా ఎవరైనా చదివేవారా?

జవాబు: చదవడమేమిటమ్మా, స్కేలు పెట్టుకుని మరీ చూసేవాళ్లం! ఆ గీతలు గీసిన బాపతులో నేనూ ఒకణ్ణి.

ఎకనమిక్ టైమ్స్ 1961 మార్చి 6న బొంబాయిలో పుట్టింది. టైమ్స్ ఆఫ్ ఇండియా నడిపే బెనెట్ కోల్‌మన్ కంపెనీదే. తొలి సంపాదకుడు పి.ఎస్. హరిహరన్. అదే ఏడాది ఇండియన్ ఎక్స్‌ప్రెస్ వాళ్లు ఫైనాన్షియల్ ఎక్స్‌ప్రెస్ తెచ్చారు. అంతకుముందు వ్యాపార పత్రికలు లేవని కాదు. కలకత్తా నుంచి కేపిటల్ అనే వారపత్రిక 1888 నుంచీ వచ్చేది. కానీ షేరు ధర వారానికోసారి తెలిస్తే ఏం లాభం?

ఇక అంకెల సంగతి. అప్పట్లో షేర్లు కొనాలంటే బ్రోకరుకు చెప్పి ఊరుకోవడమే. ఎక్స్ఛేంజి హాల్లో కేకల మధ్య ఏ ధరకు కొన్నాడో మన కంటికి కనిపించదు. బిల్లు మీద ఎంత రాస్తే అంత. మా ఊరికి పేపరు ఒకరోజు ఆలస్యంగా వచ్చేది. అందులో ఆ రోజు గరిష్ఠ ధర, కనిష్ఠ ధర పక్కపక్కనే ఉండేవి. నా బిల్లులు ముందేసుకుని వాటితో సరిచూశాను. నేను కొన్న రోజుల్లో నాకు పడింది గరిష్ఠ ధర, అమ్మిన రోజుల్లో కనిష్ఠ ధర! ఒకసారైతే దురదృష్టం అనుకోవచ్చు, వరసగా ఆరుసార్లా? పేపరు పట్టుకెళ్లి అడిగితే ఆ పెద్దమనిషి నవ్వి కాఫీ తెప్పించాడు. డబ్బు మాత్రం తిరిగి రాలేదు. మర్నాడే బ్రోకర్ని మార్చాను.

1994లో నేషనల్ స్టాక్ ఎక్స్ఛేంజిలో కంప్యూటర్ల మీద ట్రేడింగ్ మొదలయ్యాక, కొన్న టైము కూడా కాగితం మీదకి వచ్చింది. ఆ తర్వాత ఫోన్లొచ్చాయి, ధరల పేజీలు చిక్కిపోయాయి. పోటీ మాత్రం పెరిగింది. కలకత్తాలో 1975లోనే బిజినెస్ స్టాండర్డ్ మొదలైంది. 1994లో హిందూ వాళ్ల బిజినెస్ లైన్, 2007లో మింట్ వచ్చాయి. మింట్ తొలి సంపాదకుడు రాజు నరిసెట్టి. హేతువాద రచయిత ఇన్నయ్య గారబ్బాయి.

మీరు అడగలేదు గానీ, వ్యాపార పేపర్లకు గులాబీ రంగు లండన్ నుంచి వచ్చిన అలవాటు. పోటీ పత్రిక నుంచి వేరుగా కనబడాలని ఫైనాన్షియల్ టైమ్స్ 1893లో ఆ రంగుకి మారింది. మింట్ ఆ జోలికి పోకుండా తెల్ల కాగితం మీదే వచ్చింది.

ఆ కట్టని పాత పేపర్ల వాడికి వేసేయకండి. తాతయ్య ఏ కంపెనీల పక్కన గీతలు పెట్టారో ముందు రాసుకోండి. అదే పెట్టెలో షేరు సర్టిఫికెట్లు కూడా ఉండొచ్చు. ఏడేళ్లు వరసగా డివిడెండు, అంటే కంపెనీ పంచే లాభంలో వాటా, తీసుకోకపోతే షేర్లు మదుపరుల రక్షణ కోసం కేంద్ర ప్రభుత్వం పెట్టిన ఐ.ఇ.పి.ఎఫ్. నిధికి వెళ్లిపోతాయి. వెళ్లినా వారసులు అర్జీ పెట్టి తిరిగి తెచ్చుకోవచ్చు. కాగితాల కోసం తిరుగుడు తప్పదు, కాస్త ఓపిక పట్టాలి.