క్యాంపింగ్ సరే, ముందు వాడి చిగుళ్ళు చూడండి

ప్రశ్న: మాది తిరుపతి. మా లాబ్రడార్‌కు మూడేళ్ళు, 28 కిలోలు. ఈ శనివారం ఫ్రెండ్స్‌తో కలిసి హార్స్‌లీ హిల్స్ దగ్గర టెంట్ వేసుకుని ఒక రాత్రి ఉంటాం, వాడినీ తీసుకెళ్తున్నాం. కార్లో వాంతి కాకుండా ఏ మాత్ర వేయాలి? తిండి ఏం పట్టుకెళ్ళాలి? రెండు వారాల కింద గోమార్లు ఎక్కువైతే చేత్తో పీకేశాం. మూడు రోజులుగా కొంచెం డల్‌గా ఉన్నాడు, ఒళ్ళు వేడిగా ఉందని నిన్న పారాసిటమాల్ 650 సగం వేశాను. పర్వాలేదు కదా?

జవాబు: మీరు వాంతి మాత్ర గురించి అడిగారు, నా కన్ను మాత్రం మీ చివరి రెండు లైన్ల దగ్గరే ఆగింది. గోమార్లు పట్టి రెండు వారాలు, ఆ తర్వాత నీరసం, ఒళ్ళు వేడి. ఈ వరస చూస్తే మా పశువైద్యులకి ముందు గుర్తొచ్చేది టిక్ ఫీవర్, అంటే గోమార్ల వల్ల వచ్చే జ్వరం. అదే అని చూడకుండా చెప్పలేను, ఉత్త అజీర్తి కూడా కావచ్చు. కానీ ఆ జ్వరం తెచ్చే ఎర్లీకియా అనే క్రిమి గోమారి కుట్టిన 8 నుంచి 20 రోజుల్లో బయటపడుతుంది, మీ లెక్క సరిగ్గా అందులోనే పడుతోంది.

ఒక పని చేయండి. వాడి పై పెదవి ఎత్తి చిగుళ్ళు చూడండి. ఆరోగ్యంగా ఉంటే గులాబీ రంగులో ఉంటాయి, వేలితో నొక్కి వదిలితే తెల్లబడి రెండు సెకన్లలో మళ్ళీ రంగు వస్తుంది. పాలిపోయి ఉన్నా, పొట్ట కింద వెంట్రుకలు లేని చోట చిన్న చిన్న ఎర్ర చుక్కలు కనిపించినా, ముక్కులోంచి రక్తం వచ్చినా, మూత్రం కాఫీ రంగులో ఉన్నా శనివారం దాకా ఆగొద్దు, ఈరోజే తీసుకెళ్ళండి. ఇవేవీ లేకపోయినా రేపు రక్త పరీక్ష చేయించండి, సీబీసీ (రక్తకణాల లెక్క)తో పాటు స్మియర్ (రక్తపు చుక్కని మైక్రోస్కోప్ కింద చూడటం) కూడా. మన ఊళ్ళో వెటర్నరీ కాలేజీ ఆసుపత్రి ఉండగా మీకు దూరం అనే సాకు కూడా లేదు.

ఇక ఆ మాత్ర. 28 కిలోల కుక్కకు సగం మాత్ర ఒక్కసారి పడితే పెద్ద ప్రమాదం జరగకపోవచ్చు, కానీ మళ్ళీ వేయకండి. (ఇంట్లో పిల్లి ఉంటే దానికి ఆ ముక్క కూడా ప్రాణం మీదికి తెస్తుంది, పొరపాటున కూడా వద్దు.) నా భయం ఆ సగం మాత్ర గురించి కాదు, దాని తర్వాత మీరు వేయబోయేదాని గురించి. జ్వరం తగ్గకపోతే ఇంట్లో ఉన్న ఇంకో స్ట్రిప్ తీస్తారు. అందులో ఐబుప్రోఫెన్, ఎసిక్లోఫెనాక్ లాంటి నొప్పి మందులు కలిసి ఉంటాయి, అవి కుక్కకి కడుపులో పుండ్లు చేస్తాయి, కిడ్నీల మీద పడతాయి. టిక్ ఫీవర్‌లో రక్తం గడ్డకట్టించే ప్లేట్‌లెట్లు ముందే పడిపోయి ఉంటాయి కాబట్టి ఆ పుండ్ల నుంచి రక్తం ఆగదు. ముక్కులోంచి రక్తం కారుతున్న కుక్కని ఎత్తుకొచ్చి "ఒకటే మాత్ర వేశాం సార్" అనే మాట నెలకి ఒకసారైనా వింటాను, కాస్త గట్టిగా అడిగితే ఆ ఒకటి అయిదు రోజులుగా నడుస్తుంటుంది. పైగా జ్వరం మాత్ర వేసి తెస్తే మేం థర్మామీటర్ పెట్టినా అసలు జ్వరం ఎంతో తెలియదు. కుక్క మామూలు వేడే 101 నుంచి 102.5 డిగ్రీల ఫారెన్‌హీట్, మన చేతికి వాడు ఎప్పుడూ వేడిగానే తగులుతాడు. టిక్ ఫీవర్‌కి వాడే డాక్సీసైక్లిన్ అనే యాంటీబయోటిక్ కూడా సొంతంగా కొని మొదలుపెట్టకండి, అది వారాల తరబడి వాడాల్సిన కోర్సు, మధ్యలో ఆపేస్తే జబ్బు అణిగినట్టే అణిగి మళ్ళీ లేస్తుంది.

గోమార్లని చేత్తో పీకడం, కిరోసిన్ పూయడం, ఆవులకు వాడే మందు కలిపి స్నానం చేయించడం ఇవన్నీ మానేయండి. పట్కారుతో చర్మానికి ఆనుకుని పట్టి నిదానంగా లాగాలి, నలపకూడదు. చెవుల లోపల, వేళ్ళ సందుల్లో, తోక కింద తప్పకుండా వెతకండి. నోటి మాత్రలున్నాయి, కొన్ని నెల, కొన్ని మూడు నెలలు పనిచేస్తాయి, బరువు చూసి డాక్టర్ రాస్తారు.

రక్తం రిపోర్టు బాగుండి వాడు హుషారుగా ఉంటే అప్పుడు వెళ్ళండి. యాంటీ రేబీస్, లెప్టో (ఎలుకల మూత్రం కలిసిన నీళ్ళతో వచ్చే జబ్బు) టీకాలు టైం దాటలేదని కార్డులో చూసుకోండి, వాగు నీళ్ళు తాగనివ్వొద్దు. బయల్దేరే ముందు నాలుగైదు గంటలు తిండి పెట్టకపోతే ఘాట్ రోడ్డులో వాంతి సగం తగ్గుతుంది, అయినా అవుతుంటే వాడిని చూసిన డాక్టరే మందు రాయాలి. ఇంట్లో తినేదే తీసుకెళ్ళండి. ఫ్రెండ్స్ చికెన్ కాల్చుకుంటూ ఉడికిన బొక్కలు విసరకుండా మీరే చూసుకోవాలి. తలకోన వైపు ప్లాన్ మారితే మాత్రం వాడిని ఇంట్లోనే వదలండి, అది నేషనల్ పార్కు, అక్కడి చిరుతకి కుక్క మంచి భోజనం. రాత్రి ఎక్కడున్నా వాడు టెంట్ లోపలే ఉండాలి, బెల్టుతో. పాము కరిస్తే కట్లు కట్టకుండా, కోయకుండా, నడిపించకుండా ఎత్తుకుని దగ్గర్లోని పశువుల ఆసుపత్రికి పరుగెత్తండి, అందుకే ఆ నంబరు ముందే ఫోన్లో పెట్టుకోండి.

రిపోర్టు రాగానే ప్లేట్‌లెట్లు ఎంతున్నాయో రాయండి. టెంట్ సంగతి అప్పుడు మాట్లాడదాం.